బుర్గా నోట బారన్ గారి నాటకం

మా లిండెన్‌రోడాలో బుర్గా ఎవరో తెలియనివాళ్లు లేరు. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లూ లేరు. పుట్టినప్పుడు అందరిలాగే కేరుమని ఏడ్చిందట. వాళ్ల నాన్న క్నోప్, డ్యూక్ గారి బ్యాండులో ఓబో ఊదేవాడు, ఆ మాట చెప్పి మురిసిపోయేవాడు. నేను ఎరిగినప్పటినుంచీ మాత్రం మనిషిది గుసగుసే. రొట్టెల కొట్టుకి వెళ్లినా గుసగుసే, చర్చిలో దేవుడితోనూ గుసగుసే. చిత్రమేమిటంటే ఎదుటివాళ్లు కూడా తెలియకుండానే గొంతు తగ్గించేసేవాళ్లు. రొట్టెలమ్మే ఆవిడ బల్ల మీదికి వంగి, "రై రొట్టేనా, ఇవాళ తెల్లదా?" అని రహస్యంగా అడిగేది. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు చూస్తే, ఈ ఆడవాళ్లిద్దరూ ఎవరికో విషం పెట్టబోతున్నారనుకునేవాళ్లు.

ఆవిడ పని అలాంటిది మరి. డ్యూక్ గారి నాటకశాలలో ప్రాంప్టరు. వేదిక ముందు అంచున, నేలలోకి తవ్విన గూట్లో కూర్చోవాలి. తల మీద రేకు మూత, కాళ్ల కింద వేడి ఇటుక, ఎదురుగా దీపం, ఒళ్లో నాటకం. జనానికి ఆవిడ వీపు కూడా కనపడదు. నటులు మరిచిపోయిన మాట అందించాలి, అది నటుడికి వినపడాలి, మొదటి వరసకి వినపడకూడదు. ఎప్పుడైనా సరే ప్రాంప్టరు గొంతు డ్యూక్ గారి బాక్సు దాకా వెళ్లిందా, ఆ రోజుతో కొలువు సరి. ఆవిడకు ముందున్న ముసలాయనకి అదే గతి పట్టింది. తుమ్మాడు పాపం, అంతే.

కొలువు పోతే గదీ పోయినట్టే. నాటకశాల వెనక, గుర్రాల శాల పక్కన మాకు చెరొక గది. నా పేరు అపొలోనియా, లోనీ అంటారు. దుస్తుల గది నా అధీనంలో ఉండేది. రాజుల అంగీలకు చిరుగులు కుట్టడం, రాణుల నడుములు బిగించడం, చచ్చినవాళ్ల బట్టల మీద రంగు ఉతకడం. బుర్గాకి పెళ్లి కాలేదు, నాకు అయ్యి మొగుడు పోయాడు. ఇద్దరికీ కలిపి ఒకటే పొయ్యి, తినడానికి ఒకటే బల్ల. ఆ గది తప్ప బుర్గాకి ఈ లోకంలో తల దాచుకునే చోటు లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనుంది.

ఇక బారన్ గారు. ఎగ్బర్ట్ ఫొన్ హాల్డెన్‌రీడ్. ఊరి అవతల కొండ కింద పెద్ద ఇల్లు, ఇంటి చుట్టూ ఆలుగడ్డ చేలు, చేల మధ్య సారాయి బట్టీ. వయసులో ఉన్నప్పుడు ఫిరంగి దళంలో లెఫ్టినెంటుగా చేశాడు. ఏదో కవాతులో పక్కనున్న ఫిరంగి పేలితే ఉద్యోగం మానేసి ఇంటికొచ్చి పడ్డాడు. కొట్లాడే యోగం లేకపోయాక, పోనీ కొట్లాడినవాళ్ల గురించి రాద్దామనుకున్నాడో ఏమో, విషాద నాటకాలు మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ అయిదు అంకాలు, అంతా పద్యమే. వెయ్యేళ్ల కిందట చచ్చిన రాజులను లేపి, పద్యాల్లో మాట్లాడించి, పద్యాల్లోనే మళ్లీ చంపేవాడు. ఒక నాటకంలో రెండో అంకంలో కత్తిపోటు తిన్న ప్రభువు నాలుగో అంకం చివరిదాకా మాట్లాడతాడు. నేను ఆయన అంగీకి ఎర్ర రంగు మధ్యలో రెండుసార్లు పూయాల్సి వచ్చింది, ఆరిపోయేది.

ఊరంతా బారన్ గారి సారాయి రోజూ తాగేది. ఆయన నాటకం మాత్రం ఏడాదికి ఒకటి చాలనుకునేది. రెండూ తలకెక్కేవే, కాకపోతే సారాయి పొద్దుటికి దిగుతుంది.

ఆడకపోతే కుదరదు. హాల్డెన్‌రీడ్ వంశం డ్యూక్ గారి వంశం కంటే పాతది, ఆ సంగతి డ్యూక్ గారికీ తెలుసు. అందుకని ఏటా సెప్టెంబరులో డచెస్ గారి పుట్టినరోజుకి బారన్ గారి కొత్త నాటకం ఒకటి. ఒక్కసారి ఆడి, అటక మీద పారేయడం. అలా తొమ్మిది అటకెక్కాయి. ఒక్కసారి ఆడేదానికి నటులు ఎందుకు నేర్చుకుంటారు? ఎవరూ ఒక్క ముక్క కంఠస్థం చేసేవాళ్లు కాదు. బుర్గా గూట్లోంచి పద్యం అందించడం, వాళ్లు పైన దాన్ని అరవడం. మా పెద్ద హీరో క్రోలె అయితే బాహాటంగానే అనేవాడు.

"నా కంఠం, బుర్గా జ్ఞాపకం. ఇద్దరం కలిస్తే ఒక నటుడు."

"మరి జీతం ఒక్కడికేగా వస్తోంది," అనేదాన్ని నేను.

అంటే ఏమైందంటే, బారన్ గారి నాటకాలన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నోటితో పలికిన మనిషి ఈ భూమి మీద బుర్గా ఒక్కతే. అదీ ఎవరికీ వినపడకుండా.

బారన్ గారికి ఒక్కటే కోరిక. గోడపత్రిక మీద నాటకం పేరు కింద 'రెండవసారి' అన్న మాట చూడాలని. డబ్బులిచ్చి అచ్చు వేయించుకోవచ్చు, ఆ దారి తొక్కలేదు. ఒకసారి బుర్గాతోనే అన్నాడు, "ఒక్కసారి ఆడింది నాటకం కాదు, ఫ్రాయిలైన్ క్నోప్. పుట్టినరోజు కానుక. రెండోసారి ఆడితేనే నాటకం." ఊళ్లో ఆవిడను 'ఫ్రాయిలైన్', అంటే కుమారి గారు, అని మర్యాదగా పిలిచేవాడు ఆయనొక్కడే. ప్రతి ఏడూ నాటకం అయ్యాక గూటి దగ్గరికి వచ్చి, టోపీ తీసి, వంగి నమస్కారం పెట్టి మరీ వెళ్లేవాడు.

"ఏమే, బారన్ గారి మీద మనసు పడ్డావా?" అని ఏడిపించేదాన్ని.

"పడితే నీకేం పోయింది? నీ అంగీలేమన్నా చిరిగాయా?" అనేది గుసగుసగా. చెవులు మాత్రం ఎర్రబడేవి.

ఆయన కూర్చునే చోటు కూడా వింతే. అంత వంశమున్నవాడు, మధ్య బాక్సులో కూర్చోవచ్చు. ఊహూఁ. వేదికకు ఆనుకుని పక్కగా ఒక ఇరుకు బాక్సుంది. అక్కడినుంచి చూస్తే నటుల చెవులూ, తెరలు లాగే తాళ్లూ, గూట్లో బుర్గా మొహమూ, తల తిప్పితే డ్యూక్ గారి బాక్సూ తప్ప ఏమీ కనపడవు. ఎవరూ ఎక్కని ఆ బాక్సే ఏటా కావాలనేవాడు. వినయం అన్నారు కొందరు. పిసినారితనం అన్నారు ఎక్కువమంది. మాటలు కూడా అదో రకం. చేలు ఎలా ఉన్నాయని అడిగితే, "చక్రవర్తి ఇంకా చావలేదు, మూడో అంకంలో ఉన్నాడు," అనేవాడు. మహాకవులు అంతే కాబోలని జనం తలూపేవాళ్లు.

మా నాటకశాలలో ఇంకో ఆచారముంది. డ్యూక్ గారు చప్పట్లు కొట్టందే ఎవరూ కొట్టకూడదు. ఆయన ఆపందే ఎవరూ ఆపకూడదు. ఎంత ఆనందం వచ్చినా చేతులు ఒళ్లో పెట్టుకుని ఆయన వైపు చూస్తూ కూర్చోవాలి. బారన్ గారి నాటకాలకు ఆ ఇబ్బంది ఎప్పుడూ రాలేదనుకోండి. మొదటి అంకం సగంలోనే డ్యూక్ గారి గడ్డం ఛాతీ మీద వాలేది.

పదో నాటకం 'తురింగ్యా రాణి'. అందులో మూడో అంకంలో రాజు భోజనానికి వచ్చేసరికి రాణి బల్ల మీద గుడ్డ సగమే పరిచి ఉంటుంది. ఇదేమిటని రాజు అడుగుతాడు. తమ్ముడితో రాజ్యం పంచుకుని సగంతో తృప్తిపడ్డ మొగుడికి సగం బల్ల చాలని రాణి ఎత్తిపొడుస్తుంది. కథ మంచిదే. మా తాతమ్మలు కూడా చెప్పేవాళ్లు. కానీ బారన్ గారి రాణి ఆ ఒక్క మాటా అనడానికి పర్వతాలనూ, గరుడపక్షులనూ, సముద్రాలనూ సాక్ష్యం పిలిచి ఒక పెద్ద ఉపన్యాసం ఇస్తుంది. ఆ ఉపన్యాసం మా పెద్ద హీరోయిన్ సెరాఫీన్ గారిది. బుర్గా గూట్లో ఊపిరి తిప్పుకోకుండా అందిస్తోంది, ఈవిడ చెయ్యెత్తి గర్జిస్తోంది.

పక్కన గుర్రాల శాల ఉందన్నానుగా. సెప్టెంబరు నెల. ఈగలు. ఒక ఈగ డ్యూక్ గారి ముక్కు మీద వాలింది. ఆయన నిద్రలోనే చేతులు రెండూ ఎత్తి దాన్ని ఠప్పుమని కొట్టాడు. ఈగ తప్పించుకుంది. నాటకశాల దొరికిపోయింది.

ప్రభువు కొట్టాడు కదా, అందరూ కొట్టారు. ఆ మోతకు డ్యూక్ గారు ఉలిక్కిపడి లేచి, ప్రజలంతా పరవశంతో చప్పట్లు కొట్టడం చూసి, తాను వెనకబడితే బాగుండదని తానూ కొట్టాడు. ఆయన కొడుతున్నాడని వీళ్లు ఆపలేదు, వీళ్లు ఆపలేదని ఆయన ఆపలేదు. క్రోలె ముందుకొచ్చి వంగాడు, ఆ దృశ్యంలో అతనికి ఒక్క మాటా లేదు. మొదటి అంకంలో చచ్చిన మంత్రి కూడా పక్క నుంచి పరిగెత్తుకొచ్చి వంగాడు. నేను తెర వెనక నవ్వాపుకోలేక సూది గుచ్చుకున్నాను. ఆ సందట్లో బారన్ గారిని చూశాను. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని రాయిలా కూర్చున్నాడు. ఆనందం తట్టుకోలేకపోయాడని అందరూ అనుకున్నాం.

డ్యూక్ గారు చేంబర్లేన్‌ను పిలిచారు. ఈ చేంబర్లేన్ మా నాటకశాలకూ గుర్రాల శాలకూ కలిపి ఒకే అధికారి, రెండిటినీ ఒకే పద్ధతిలో మేపేవాడు.

"మా జనానికి ఈ నాటకం మహా నచ్చినట్టుందయ్యా. ఇంకోసారి ఆడించండి," అన్నారు డ్యూక్ గారు.

అలా బారన్ గారికి రెండోసారి వరం దొరికింది. నవంబరులో రోజు పెట్టారు.

ఇక్కడ మా డ్యూక్ గారి చుట్టరికాల సంగతి చెప్పాలి. జర్మను దేశంలో ఆయనకు చుట్టం కాని ప్రభువు లేడు. ఎక్కడ ఏ రాజబంధువు పోయినా మాకు మైల, నాటకశాల మూత. అక్టోబరులో కబురొచ్చింది, డ్యూక్ గారి తాతగారి చెల్లెలు, ఎక్కడో ఎల్బ్ నది ఒడ్డున ఉండే ముసలి ప్రిన్సెస్, మంచం పట్టిందని. అదే వారం బారన్ గారికీ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. ఇక చూడండి, ఊళ్లో ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న, ఎవరు ముందని. సారాయి దుకాణంలో పందేలు కూడా కాశారట, సిగ్గులేని వెధవలు. బారన్ గారు జన్మలో చర్చి గడప తొక్కనివాడు, ఆ ముసలావిడ ఆరోగ్యం కోసం ప్రార్థన చేయించాడు. బట్టీలో మూలికలు వేసి కాచిన మేలురకం సారాయి ఒక పెట్టెడు ఆవిడకు పంపించాడు.

నాటకం రోజు పొద్దున గోడపత్రికలు అతికించారు. 'తురింగ్యా రాణి', కింద నల్లని అక్షరాల్లో 'రెండవసారి'. బారన్ గారి ముసలి నౌకరు ఫైట్ ఒక పత్రిక తడి ఆరకముందే ఊడబీక్కుని ఇంటికి పట్టుకుపోయాడు. సాయంత్రం దొరను కుర్చీతో సహా మోసుకొచ్చే ఏర్పాట్లు చేశారు. మధ్యాహ్నం నేను రాణి నడికట్టు కుడుతుంటే గుర్రాల శాల వైపు నుంచి నల్లగుడ్డల తానులు మోసుకొచ్చారు. తంతి వచ్చిందట. ప్రిన్సెస్ పోయింది. మూడు వారాల మైల.

ఫైట్ మా గదికొచ్చి గుమ్మం దగ్గరే కూలబడ్డాడు. "డాక్టరు ఈ వారం దాటదంటున్నాడు. ఆట ఆగిపోయిందని ఈ నోటితో చెప్పలేనమ్మా నేను. కదలొద్దన్నారని చెప్పి పడుకోబెడతాను. నాటకం ఆడేశారని రేపు మీరొచ్చి చెప్పండి. ఆ పుణ్యం మీకే."

"అబద్ధానికి పుణ్యమేమిటయ్యా?" అన్నాను.

బుర్గా అప్పటికే శాలువా తీసి మడత పెడుతోంది. "నేను చెప్తాను," అంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. ఆ పెద్దింట్లో ఒక్క గదిలోనే వేడి. బారన్ గారు దిండ్ల మధ్య పక్షిపిల్లంత అయిపోయాడు. గోడకు ఆ పత్రిక దిగ్గొట్టి ఉంది. నేను "ఎలా ఉన్నారు దొరా?" అంటే పలకలేదు. ఆయన కళ్లు బుర్గా మొహం మీదే ఉన్నాయి.

బుర్గా చెప్పడం మొదలుపెట్టింది. నేను నోరు తెరుచుకుని విన్నాను. జన్మలో అబద్ధమాడని మనిషి, ఎంత చక్కగా అల్లిందనీ. క్రోలె ఎక్కడ తడబడ్డాడు, ఎవరి కిరీటం జారింది, గ్యాలరీలో ఎవరు ఏడ్చారు, అన్నీ చెప్పింది.

"చప్పట్లు కొట్టారా?" అని అడిగాడు ఆయన.

"కొట్టారు. డ్యూక్ గారే మొదలుపెట్టారు. మూడో అంకంలో."

బారన్ గారు గోడ మీది పత్రిక వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు, "నవంబరులో ఈగలుండవే, ఫ్రాయిలైన్ క్నోప్."

బుర్గా మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చూశాను," అన్నాడు. "ఆ రోజు మీరంతా చప్పట్లు విన్నారు. నేను వినలేదు కాబట్టి ఈగను చూశాను. ఫిరంగి పేలిన రోజు నుంచి నా చెవులు తగ్గుతూ వచ్చాయి. ఈ పదేళ్లుగా బొత్తిగా లేవు. దర్బారులో చెవిటివాడికి ఏమీ ఇబ్బంది లేదు, తలూపితే చాలు. నాటకాలకే కష్టమైంది. అందుకే ఆ పక్క బాక్సు తీసుకున్నాను. అక్కడినుంచి మీ పెదవులు కనపడతాయి. నా నాటకాలన్నీ నేను మీ పెదవుల మీదే విన్నాను."

ఇన్నేళ్లూ ఆ నాటకాలు చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని ఊరంతా వెక్కిరించాం. ఆ చెవిటివాడొక్కడే శ్రద్ధగా విన్నాడని మాకేం తెలుసు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. బుర్గా ఏడవలేదు. నాటకం ఆడలేదని, ప్రిన్సెస్ పోయిందని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, ఫైట్ వచ్చి వీపు నిమిరాడు. "ఆవిడకి నేను సారాయి పంపించాను. తాగిందంటావా?"

"తాగే ఉంటుంది దొరా," అన్నాడు ఫైట్, తలూపుతూ. "ఖాళీ సీసాలు మర్యాదగా తిప్పి పంపారు."

"ఆవిడ తాగింది, నా నాటకం చచ్చింది. సరే. ఫ్రాయిలైన్ క్నోప్, మీకు తీరికుంటే ఇక్కడే కానివ్వండి."

బుర్గా కుర్చీ దగ్గరికి లాక్కుని వెలుతురుకు మొహం పెట్టి కూర్చుంది. చేతిలో పుస్తకం లేదు. మొదటి అంకం నుంచి ఎత్తుకుంది. గుసగుస కూడా లేదు, వట్టి పెదవులే. ఆ గదిలో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు, అక్కడ మాత్రం రాజులు యుద్ధాలు చేసుకుంటున్నారు. మూడో అంకంలో సగం పరిచిన బల్ల దగ్గరికొచ్చింది. పర్వతాలయ్యాయి, గరుడపక్షి వచ్చింది. ఆయన చెయ్యెత్తాడు.

"ఆగండి. ఇది ఎవరు రాశారు?"

"మీరే."

"ఎంత చెత్తగా ఉంది. మీ పెదవులు నొప్పి పుట్టేలా రాశానే. మొగుడు అలిసిపోయి అన్నానికి వస్తే ఏ ఆడది సముద్రాలను పిలుస్తుంది?" కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. తర్వాత అన్నాడు, "అదంతా కొట్టేయండి. రాజు అడుగుతాడు, ఇదేమిటని. రాణి అంటుంది, 'కూర్చోండి. ఉన్నంతవరకే వడ్డించాను.' అంతే. తర్వాత రాజు కూర్చుంటాడు."

బుర్గా ఆ మాట పెదవులతో అని చూపించింది. ఆయన తలూపాడు. దర్బారు తలూపుడు కాదు.

"మైల తీరాక ఆడితే, ఇలాగే అనాలి. అనిపిస్తారా?"

"అనిపిస్తాను," అంది బుర్గా.

ఆ ఆదివారం ఆయన పోయాడు. బారన్ పోతే మైల లేదు. మూతపడిన నాటకశాల ముసలి ప్రిన్సెస్ కోసం మూతపడింది, ఈయన కోసం ఒక్క పూట కూడా కాదు. అయితే చేంబర్లేన్ గారికి అచ్చయిన గోడపత్రికలు పారేయడానికి మనసొప్పలేదు. కాగితం ఖరీదు ఆయనకు తెలుసు. మైల తీరగానే తేదీ మీద సిరాతో దిద్ది అవే అతికించారు. చచ్చినవాడి కళ్లు చారెడు కదా, ఊళ్లో అందరూ మహాకవి పోయాడని టిక్కెట్లు కొన్నారు.

రిహార్సల్లో బుర్గా ఆ మాట చెప్పింది. సెరాఫీన్ గారు నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నా ఉపన్యాసం మొత్తం తీసేసి ఈ రెండు ముక్కలా? వంటమనిషి మాటల్లా ఉన్నాయి. నేను రాణినమ్మా, వడ్డించేదాన్ని కాదు."

"బారన్ గారు చివరిగా మార్చింది ఇదే," అంది బుర్గా.

"చచ్చిపోయే ముందు మనిషి ఏదో అంటాడు. మా నాన్న గంగాళం అడిగాడు. తెచ్చిచ్చామా?"

చేంబర్లేన్‌ను అడిగాం. దర్బారు ఆమోదించిన నాటకంలో అక్షరం మార్చడానికి వీల్లేదన్నాడు. మార్చిన మాట అందిస్తే గది ఖాళీ చేసి పొమ్మన్నాడు, మామూలు గొంతుతోనే, గుర్రానికి గడ్డి తగ్గించమన్నట్టు.

ఆ పూట ఇంటికొచ్చి నేను బుర్గాను తిట్టాను. "చెప్పి చూశావు, అయింది. ఆయన పైనుంచి చూస్తాడా? చూసినా వినపడదుగా. ఈ వయసులో వీధిలో పడతావా? నీకోసం నేనూ రావాలి, నాకు చలి పడదు."

"నువ్వెందుకు రావడం," అంది.

"ఎందుకేమిటే, పొయ్యి ఒకటేగా," అన్నాను. ఆవిడ నా గిన్నెలో ఇంకో గరిటె పులుసు పోసింది.

నాటకం రోజు ఇసకేస్తే రాలనంత జనం. పక్క బాక్సులో బారన్ గారి చోట చేంబర్లేన్ కూర్చుని వేయించిన గింజలు నములుతున్నాడు. మొదటి రెండు అంకాలు ఎప్పట్లాగే జరిగాయి, బుర్గా అందించింది, వాళ్లు అరిచారు. మూడో అంకం. సగం పరిచిన బల్ల. ఆ గుడ్డ నేనే ఇస్త్రీ చేశాను. క్రోలె వచ్చాడు, ఇదేమిటని అడిగాడు.

సెరాఫీన్ గారు చెయ్యెత్తి, పర్వతాల కోసం గూటి వైపు చూసింది. పర్వతాలు రాలేదు. బుర్గా కొత్త మాట అందించింది. సెరాఫీన్ గారు పళ్లు కొరికింది, తల అడ్డంగా ఊపింది. పాతదొక్కటీ ఆవిడకు నోటికి రాదు, కొత్తది అనదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. గింజలు నమిలే చప్పుడు కూడా ఆగింది. నేను తెర పక్కన నిలబడి, వద్దే, వద్దే, అని నాలో నేను గొణుక్కుంటున్నాను.

బుర్గా పుస్తకం మూసేసింది. నాకు స్పష్టంగా కనపడింది. మొహం పక్క బాక్సు వైపు తిప్పి, ఆయనకు చెప్పేటప్పుడు ఎలా పెదవులు విప్పేదో అలా విప్పి, ఆ మాట మళ్లీ అంది. ఈసారి ఊపిరంతా పెట్టింది. గుసగుసే, కానీ గ్యాలరీ చివర కూర్చున్న సారాయి బట్టీ కూలీల దాకా వెళ్లింది.

"కూర్చోండి. ఉన్నంతవరకే వడ్డించాను."

క్రోలె ఎన్ని తప్పులున్నా నటుడే. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, తల వంచాడు. సెరాఫీన్ గారు చెయ్యి దించక తప్పలేదు. గ్యాలరీలో ఎవరో మగవాడు ముక్కు చీదాడు. డ్యూక్ గారు మేలుకునే ఉన్నారు, చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఆయన కొట్టలేదు, అందుకని ఎవరూ కొట్టలేదు. బారన్ గారి నాటకానికి చప్పట్లు కొట్టాలని జనానికి నిజంగా అనిపించింది ఆ ఒక్క పూటే. ఆ పూటే ఆచారం అడ్డొచ్చింది.

ఆ వారమంతా మేం మూటలు కట్టుకుని కూర్చున్నాం. ఎవరూ రాలేదు. ఆ తర్వాత మా ఊరి పత్రిక వచ్చింది. సెరాఫీన్ గారు మూడో అంకంలో గర్జన మాని గుసగుసతో ఆ మాట పలకడం నటనలో కొత్త మార్గమనీ, అంత సన్నని స్వరం అంత దూరం పంపడం ఆవిడకే చెల్లిందనీ రాశారు. డ్యూక్ గారు ఆవిడకు చేతి కంకణం బహుమతిగా పంపారు. ఆవిడ తీసుకుంది. తీసుకున్నాక, ఆ మాట అన్నది బుర్గా అని ఎవరు చెప్పగలరు? చేంబర్లేన్ చెప్తే ప్రభువు పొరబడ్డట్టవుతుంది. సెరాఫీన్ చెప్తే కంకణం పోతుంది. అందుకని బుర్గా గొంతు ఎవరికీ వినపడలేదు, కొలువుకు ఢోకా లేదు.

కొత్త సంవత్సరంలో మూడోసారి పెట్టారు. ఈసారి సెరాఫీన్ గారు తానే గుసగుసలాడతానంది. ఆడింది. రెండో వరస దాటి ఒక్కరికీ వినపడలేదు. నాటకం అటకెక్కింది, మళ్లీ దిగలేదు.

బుర్గా ఆ గూట్లోనే ఇంకా చాలా ఏళ్లు పనిచేసింది. చివరి రోజుల్లో గుసగుస కూడా పోయింది, పెదవులే మిగిలాయి. నాకు అప్పటికి చూడటం అలవాటైంది. పులుసు పలచబడ్డ రోజున నేను గిన్నె ముందు పెట్టి, "కూర్చోవే, ఉన్నంతవరకే వడ్డించాను," అనేదాన్ని. నవ్వేది. ఒక ఫిబ్రవరి పొద్దున నేను గిన్నె పెట్టి పిలిస్తే మంచం మీంచి లేవలేదు.

ఇప్పుడు ఆ బల్ల మీద గుడ్డ నేను సగమే పరుస్తున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే, ఉతుకుడు తగ్గుతుందని చెప్తాను.